ఐదు విజయాల ఊళ్లో ఓ రాత్రి

కొత్తవలస దగ్గర రైలు పట్టాలు రెండుగా చీలతాయి. విశాఖ నుంచి వచ్చే బండి ఎడమకు మళ్లితే అరకు. తిన్నగా పోతే విజయనగరం. సెలవులొస్తే చాలు... జనమంతా ఎడమకే! కిటికీ పక్క సీటు కోసం పోట్లాటలు, సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లల కేకలు, దిగాక బొంగు చికెన్, కాఫీ పొడి పొట్లాలు. తిన్నగా పోయే బండ్లలో మాత్రం పెళ్లికి వెళ్లేవాళ్లు, ఆఫీసులకు వెళ్లేవాళ్లు, బరంపురం దాకా పోయే వ్యాపారులు కనిపిస్తారు. విజయనగరం చూడ్డానికి వెళ్తున్నామని చెప్పేవాళ్లు అరుదు.

ఊరివాళ్లను అడిగినా అంతే. 'ఏటుందండీ ఇక్కడ... కోట ఉంది. చూసీసి ఎల్లిపోవచ్చు' అంటారు తేలిగ్గా. ఆ మాట నమ్మి వచ్చేవాళ్లూ ఉన్నారు. పొద్దున విశాఖలో కారెక్కి, పదకొండింటికి కోట ముందు దిగి, గుమ్మం దగ్గర నాలుగు ఫొటోలు తీసుకుని, పైడితల్లి అమ్మవారికి దణ్నం పెట్టుకుని, మధ్యాహ్నం భోజనానికి మళ్లీ విశాఖ చేరిపోతారు. వాళ్లు చూసేది ఎండలో గోడలు మాత్రమే. ఎందుకంటే విజయనగరంలో పాతవన్నీ టిక్కెట్టు కొని చూసే వస్తువులు కావు. కోటలో పాఠాలు జరుగుతుంటాయి. సంగీత కళాశాలలో సాధన సాగుతుంటుంది. గుళ్లో పూజలు, కొండమీద నైవేద్యాలు... దేని వేళ దానిదే. ఆ వేళలు పట్టుకోవాలంటే ఊళ్లో ఒక్క రాత్రయినా ఉండి తీరాలి.

అయిదుసార్లు 'విజయం'

పూసపాటి వంశీకుల మొదటి మకాం విజయనగరం కాదు. గోల్కొండ కుతుబ్‌షాహీల తరఫున శ్రీకాకుళానికి ఫౌజుదారుగా వచ్చిన షేర్ మహమ్మద్ ఖాన్ వెంట, 17వ శతాబ్దం మధ్యలో వాళ్లు ఈ ప్రాంతానికి వచ్చారు. చాలాకాలం కుమిలిలో ఉన్నారు. అది మట్టికోట. బలం పెరిగాక గట్టి కోట కావాలనిపించింది. చోటు చూపించింది మాత్రం రాజగురువో, జ్యోతిష్కుడో కాదు... అడవిలో తపస్సు చేసుకుంటున్న మహబూబ్ వలీ అనే ముస్లిం సాధువని ఇక్కడివాళ్లు చెప్పుకొంటారు.

1713లో పునాది పడింది. తెలుగు సంవత్సరం విజయ. రోజు విజయదశమి. వారం మంగళవారం, అంటే జయవారం. కట్టించిన రాజు పేరు విజయరామరాజు. ఊరికి పెట్టిన పేరు విజయనగరం. అలా అయిదు విజయాలు కలిశాయంటారు. అంత శుభముహూర్తం చూసి కట్టిన కోట చరిత్రలో మాత్రం విజయాలకంటే విషాదాలే ఎక్కువ గుర్తుండిపోయాయి. ఆ సంగతి తర్వాత.

కోట చదరంగా ఉంటుంది. నాలుగు మూలలా నాలుగు బురుజులు. రాతి గోడ దాదాపు ముప్ఫై అడుగుల ఎత్తు. తూర్పు వైపున ఉన్నది నగారాఖానా. రాజస్థానీ పోకడల మంటపాలతో, దూరం నుంచే ఇదే సింహద్వారమని తెలిసిపోతుంది. రాకపోకలు తెలిపేందుకు ఇక్కడే నగారా మోగించేవారు. పడమటి గుమ్మం చిన్నది. చనిపోయినవారిని దహనానికి తీసుకెళ్లే దారి అది. అందుకే కొత్తగా పెళ్లయినవాళ్లను పెద్దలు ఆ గుమ్మం వైపు వెళ్లనిచ్చేవారు కాదట! చుట్టూ ఒకప్పుడు కందకం. ఇప్పుడందులో చాలాభాగం తోట.

లోపలికి వెళ్తే ఫిరంగులు, సింహాసనాలు కనిపిస్తాయనుకుంటే నిరాశే. కనిపించేది పుస్తకాలు గుండెలకు అదుముకుని నడిచే అమ్మాయిలు. పి.వి.జి. రాజు 1958లో మాన్సాస్ ట్రస్టు ఏర్పాటు చేసి కోటను చదువుల కోసం అప్పగించారు. అప్పట్నుంచీ ఇది కళాశాలల ప్రాంగణం. కాబట్టి గేటు దగ్గర అడిగి, అనుమతిస్తేనే లోపలికెళ్లాలి. క్లాసులు జరిగేవేళ కెమెరాలు పట్టుకుని తిరిగితే ఎవరికైనా చిరాకే కదా. ఔధ్‌ఖానా అనే పాత మహలు దగ్గర ఎనిమిది పలకల రాతి స్నానశాల ఉంది. సుమారు యాభై అడుగుల ఎత్తు. పైకి చుట్లు తిరుగుతూ మెట్లు. మీద నీళ్ల తొట్టె. మోటార్లు లేని రోజుల్లో అంత ఎత్తుకు నీళ్లెక్కించి స్నానాలు చేశారంటే ఆ విలాసం ఎంతటిదో ఊహించుకోవచ్చు.

ఇక మోతీమహల్. 1869లో దర్బారు కోసం కట్టిన మేడ ఇది. పాత గైడు పుస్తకాల్లో దీని గురించి ఘనంగా రాసి ఉంటుంది. వెతుక్కుంటూ వెళ్లకండి... ఇప్పుడది లేదు. 2020 ప్రాంతంలో కూల్చేశారు. దర్బారు హాలుగా మొదలై, తర్వాత ఆడపిల్లల చదువుకు నీడైన భవనం అది. శిథిలమైందనేది ఒక మాట, బాగుచేసి ఉండాల్సిందనేది ఇంకో మాట. ఆ వాదన ఎలా ఉన్నా కట్టడం మాత్రం తిరిగిరాదు. అదే ఏడాది రోడ్ల పనుల కోసం మూడు లాంతర్ల కూడలిలో పాత స్తంభాన్నీ తీసేశారు. మూడు దీపాలున్న ఆ స్తంభం పేరుమీదే ఆ చోటికి ఆ పేరొచ్చింది. ఊళ్లో ఎవరికి దారి చెప్పాలన్నా అదే గుర్తు. 'కోట ఉంది, చూసీసి ఎల్లిపోవచ్చు' అనుకునే ఊరు కూడా ఆ స్తంభం పోయినప్పుడు గొల్లుమంది. ఎక్కడెక్కడో ఉంటున్న విజయనగరంవాళ్లు సైతం బాధపడ్డారు.

బొంకుల దిబ్బ మీదుగా...

ఎండ తగ్గాక నడక మొదలుపెడితే మేలు. కోట ముందున్న బొంకుల దిబ్బ దగ్గర నుంచే! 'కన్యాశుల్కం' చదివినవాళ్లకు ఈ పేరు చెప్తే చాలు. నాటకం మొదటి రంగం ఇక్కడే. గిరీశం తెలుగువాళ్లకు తొలిసారి కనిపించిన చోటు. ఇప్పుడక్కడ నిలబడితే ఆటోల హారన్లు, బేరాలు, అరుపులు... గిరీశం కాలంలోనూ దాదాపు ఇంతే అయి ఉంటుంది. అలాంటివాళ్లు తిరిగేందుకు సందడే అనువు మరి!

అక్కణ్నుంచి గురజాడ ఇంటికి నడిచే వెళ్లొచ్చు. పెద్ద భవంతిని ఊహించుకోకూడదు. సంస్థానంలో ఉద్యోగం చేసుకున్న ఒక మధ్యతరగతి మనిషి ఇల్లు. ఆయన ఇక్కడి కళాశాలలోనే చదివారు, అక్కడే పాఠాలు చెప్పారు, తర్వాత ఆనంద గజపతి కొలువులో శాసన పరిశోధకుడయ్యారు. 'కన్యాశుల్కం' 1892లో మొదట ఆడింది ఈ ఊళ్లోనే. ఇప్పుడు మనం చదివే రూపం 1909 నాటిది. ఇంట్లో ఆయన ఫొటోలు, వాడిన వస్తువులు, పుస్తకాలు ఉన్నాయి. పిల్లలతో వచ్చేవాళ్లు ఒక పని చేయొచ్చు. బయల్దేరే ముందు ఇంట్లో ఆ నాటకం మొదటి రంగం పైకి చదవండి. ఆ తర్వాత దిబ్బ, ఈ ఇల్లు చూస్తే వాళ్ల మొహాలే వేరుగా ఉంటాయి.

సాయంత్రం అయిదు దాటాక సంగీత కళాశాల దారి పట్టాలి. ఈ ఊరికి రావడానికి ఇదొక్కటే చాలు. సంస్థానంలో పనిచేసే ఒక ఉద్యోగికి చూపులేని కొడుకు. కుర్రాడికి సంగీతమంటే ప్రాణం. ఎక్కడైనా నేర్పించే ఏర్పాటు చేయమని తండ్రి రాజును అడిగాడట. ఒక్క పిల్లాడి కోసం గురువును పెట్టే బదులు విజయరామ గజపతి ఏకంగా కళాశాలే తెరిచారు. అది 1919. తొలి ప్రిన్సిపల్ హరికథా పితామహుడు ఆజ్జాడ ఆదిభట్ల నారాయణదాసు. అదే ఏడు వయొలిన్ నేర్పడానికి చేరిన యువకుడు ద్వారం వెంకటస్వామి నాయుడు. నారాయణదాసు తర్వాత 1936లో ఆయనే ప్రిన్సిపల్ అయ్యారు.

ఘంటసాల చదువూ ఇక్కడే. చేతిలో డబ్బుల్లేక, జోలె పట్టి ఇంటింటా అన్నం అడుక్కుని, పట్రాయని సీతారామశాస్త్రి దగ్గర పాట నేర్చుకున్నారు. మధుకరం అనేవారు దాన్ని. ఆకలితో వచ్చిన కుర్రాడికి ఏ ఇంటి ఇల్లాలు ఎంత పెట్టిందో కానీ, ఆ అన్నం రుణం తెలుగువాళ్లంతా ఇప్పటికీ వింటూనే ఉన్నారు. పి.సుశీల ఈ ఊరి ఆడపడుచు. ఆమే ఈ కళాశాల విద్యార్థినే. ఒకే బడి నుంచి ఆ రెండు గొంతులు వచ్చాయంటే ఇంకేం చెప్పాలి?

వందేళ్లు దాటిన ఈ బడి ఇంకా నడుస్తోంది. వరండా బయట నిలబడితే ఒక గదిలోంచి సరళీ స్వరాలు, ఇంకో గదిలోంచి మృదంగం, ఎక్కడో వయొలిన్ శ్రుతి సవరింపు... ఒకదానిమీద ఒకటి పడుతూ వినిపిస్తాయి. కచేరీ కాదది. తప్పులు పోతారు, ఆపుతారు, మళ్లీ మొదట్నుంచీ అందుకుంటారు. అదే అందం. సెలవురోజు వెళ్తే మాత్రం తాళం వేసిన తలుపులే! ఆదివారం కాకుండా వారం మధ్యలో వచ్చేలా చూసుకుంటే మంచిది.

తిరుగుదారిలో గంటస్తంభం తగులుతుంది. 1885లో కట్టారు. ఎనిమిది పలకలు, 68 అడుగులు. లండన్ బిగ్‌బెన్‌ను చూసి ముచ్చటపడి కట్టించారంటారు. దాని చుట్టూ బజారు. బట్టల దుకాణాలు, పళ్ల బండ్లు, మిఠాయి కొట్లు. రాత్రి తొమ్మిది దాకా సందడే. టిఫిను తిని, కాస్త తిరిగి, అయ్యకోనేరు గట్టు దాకా వెళ్లొస్తే ఆ రోజుకు చాలు.

అన్న, చెల్లి

పైడితల్లి కథ తెలియకపోతే విజయనగరం తెలియనట్టే. ఆ కథ తెలియాలంటే బొబ్బిలి యుద్ధం తెలియాలి.

1757 జనవరి 24. ఫ్రెంచి సేనాని బుస్సీ బలగం, విజయనగరం రాజు విజయరామరాజు సైన్యం కలిసి బొబ్బిలి కోటమీద పడ్డాయి. కోట నిలవదని తేలాక లోపలి ఆడవాళ్లను, పిల్లలను శత్రువుల చేతికి చిక్కకుండా సొంతవాళ్లే చంపుకొన్నారు. బొబ్బిలి రాజు రంగారావు పోరాడుతూ చనిపోయాడు. రాజాంలో ఉన్న తాండ్ర పాపారాయుడు ఆలస్యంగా వచ్చి, గుడారంలో ఉన్న విజయరామరాజును పొడిచి చంపి పగ తీర్చుకున్నాడు. గెలిచినవాడూ మిగల్లేదు, ఓడినవాడూ మిగల్లేదు.

ఆ విజయరామరాజు చెల్లెలే పైడితల్లి. యుద్ధం వద్దని అన్నను బతిమాలిందని, ఆ సమయంలో ఆమెకు మశూచి సోకిందని చెబుతారు. అన్నకు కీడు జరగబోతోందని తెలిసి బయల్దేరి, దారిలోనే సొమ్మసిల్లిపోయి, తాను దేవతలో ఐక్యమవుతున్నానని, తన ప్రతిమ పెద్దచెరువు పడమటి గట్టున దొరుకుతుందని చెప్పి కన్నుమూసిందట. దొరికిన ఆ విగ్రహమే పైడితల్లి అమ్మవారు. రైల్వేస్టేషన్ దగ్గర వనంగుడి, మూడు లాంతర్ల దగ్గర చదురుగుడి... రెండూ ఆమెవే. రెండున్నర శతాబ్దాలు దాటినా ఊరు పండగ చేసుకునేది యుద్ధం గెలిచిన రాజుకు కాదు, యుద్ధం వద్దన్న చెల్లెలికి.

దసరా వెళ్లిన తర్వాతి మంగళవారం సిరిమానోత్సవం. మాను ఏ చెట్టుదో అమ్మవారే పూజారికి కలలో చెబుతుందని నమ్మకం. ఆ చెట్టు ఎవరి పొలంలో ఉన్నా, వాళ్లు ఆనందంగా ఇచ్చేస్తారు. యాభై, అరవై అడుగుల పొడవున చెక్కిన మాను చివర ఆసనం కట్టి, దానిమీద పూజారి కూర్చుంటాడు. మొదలు బండిమీద. కొస ఆకాశంలో! కోటకూ గుడికీ మధ్య మూడుసార్లు ఊరేగుతుంది. ముందు పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు, బెస్తవారి వల నడుస్తాయి. జనం మేడలమీద, గోడలమీద, చెట్లమీద నిలబడి అరటిపళ్లు విసురుతారు. రాజవంశీకులు కోట దగ్గర నుంచి చూస్తారు. లక్షల మంది వస్తారు కాబట్టి చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లు మధ్యాహ్నానికే ఎవరిదైనా మేడ చూసుకోవాలి. తెలిసినవాళ్లు లేకపోయినా పర్లేదు. ఆ రోజు ఈ ఊళ్లో మేడమీదకు రానివ్వని ఇల్లు అరుదు.

ఎక్కడ పడుకోవాలి?

ఇదే అసలు చిక్కు. టర్కీలో సఫ్రాన్‌బోలు అని కొండవాలున ఓ చిన్న ఊరుంది. ఒట్టోమన్ సుల్తానుల కాలంనాటి కలప ఇళ్ల ఊరు. 1994లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది. అక్కడి జనం పాత ఇళ్లను పడగొట్టకుండా, వాటినే అతిథి గృహాలుగా మార్చారు. వచ్చేవాళ్లు చూసేదీ ఆ ఇళ్లనే, పడుకునేదీ ఆ ఇళ్లలోనే. ఇంటి నుంచి బాడుగ వస్తుంటే ఎవరు పడగొట్టుకుంటారు?

విజయనగరంలో మహళ్లకు కొదవలేదు. కానీ కోటలో చదువుకుంటారు. రాజావారి అతిథుల కోసం కట్టిన అలకానంద ప్యాలెస్‌లో ప్రత్యేక పోలీసు అయిదో బెటాలియన్ ఉంది. కోరుకొండ ప్యాలెస్‌లో 1962 నుంచి సైనిక్ స్కూలు నడుస్తోంది. చదువుకూ కవాతుకూ పనికొచ్చాయి కాబట్టే ఆ మేడలు నిలిచాయి. అది మంచిదే. యాత్రికుడికి మాత్రం వాటిలో చోటు లేదు. కాంక్రీటు లాడ్జీలో పడుకుని కోటను చూడాలి. రాత్రి ఉండేవాళ్లు లేరని మంచి బస ఏర్పాట్లు రావు. మంచి బస లేదని జనం ఉండరు. ఈ పీటముడి ఎవరో ఒకరు విప్పాలి. పాత వీధుల్లో ఇంకా అరుగులు, మండువాలు ఉన్న ఇళ్లు కొన్ని మిగిలే ఉన్నాయి. వాటిలో నాలుగయినా అతిథుల కోసం తలుపులు తీస్తే, వాటిని అపార్టుమెంట్ల కోసం ఇచ్చేయాలనే తొందర యజమానులకూ ఉండదు.

ఇప్పటికైతే ఆర్టీసీ కాంప్లెక్సు చుట్టుపక్కల, రైల్వేస్టేషన్ దారిలో లాడ్జీలు, హోటళ్లు ఉన్నాయి. మామూలు గది నుంచి ఏసీ గది దాకా దొరుకుతాయి. కుటుంబంతో వచ్చేవాళ్లు గది చూసుకున్నాకే డబ్బులు కట్టడం మంచిది. రోడ్డు వైపు కిటికీ ఉన్న గది తీసుకుంటే తెల్లవారుజామునే బస్సులు లేపేస్తాయి. మర్నాడు పొద్దున్నే కొండెక్కాలి కాబట్టి అదీ ఒకందుకు మంచిదే!

ఒకే ఊళ్లో ముగ్గురు దేవుళ్లు

విజయనగరం నుంచి నెల్లిమర్ల మీదుగా సుమారు పదమూడు కిలోమీటర్లు వెళ్తే రామతీర్థం. బస్సులున్నాయి, ఆటో మాట్లాడుకున్నా పర్లేదు. ఆరున్నరకల్లా చేరాలి. ఎందుకంటే ఇక్కడి కొండలు చెట్లతో నిండిన పచ్చకొండలు కావు, నున్నటి నల్లరాతి గుట్టలు. తొమ్మిది దాటితే పెనం మీద నడిచినట్టే.

ఊళ్లో ఉన్నది రామాలయం. పక్కనే కోనేరు, వెనకే నీలాచలం. దాన్నే బోడికొండ అంటారు. రాతిలో తొలిచిన మెట్లెక్కితే పైన కోదండరాముడి గుడి. 2020 డిసెంబరు చివర్లో ఆ గుళ్లో రాముడి విగ్రహాన్ని దుండగులు ధ్వంసం చేశారు. రాష్ట్రమంతా కదిలిపోయింది. తర్వాత ఆలయాన్ని రాతితో కొత్తగా కట్టి, 2022 ఏప్రిల్‌లో మళ్లీ విగ్రహాలను ప్రతిష్ఠించారు. కాబట్టి పైన కనిపించేది కొత్త గుడి, పాత కొండ. అదే కొండల్లోని గుహల్లో జైన తీర్థంకరుల బొమ్మలున్నాయి. రాజరాజ నరేంద్రుడి తండ్రి విమలాదిత్యుడి కాలంనాటి శాసనమూ ఉంది. అంటే వెయ్యేళ్ల కిందట ఇక్కడ జైన గురువులకు రాజు అండ ఉండేదన్నమాట.

పక్కనున్న గురుభక్తులకొండ బౌద్ధులది. నిటారుగా లేచిన రాతిగోడ నడుముకు చుట్టినట్టు సన్నటి చదును. దానిమీద వరసగా స్తూపం, చైత్యాలు, భిక్షువుల గదుల ఇటుక పునాదులు. గట్టు అంచున నీళ్ల గుంటలు. కూర్చుంటే కింద వరి మళ్లు, తాటిచెట్లు, చెరువులు, ఆ చివర రామాలయ గోపురం. సుమారు రెండువేల ఏళ్ల కిందట ఇక్కడ చోటు వెతుక్కున్నవాళ్ల కళ్లు మామూలువి కావు! ఎక్కడానికి కాస్త ఓపిక కావాలి. చెప్పులు జారకుండా ఉండాలి. పెద్దవాళ్లు కిందే రామాలయం దగ్గర ఆగిపోవడం మంచిది. కొండమీద కొట్లు లేవు, మంచినీళ్లు మీరే మోసుకెళ్లాలి. వానాకాలంలో రాయి పాచిపడుతుంది, అప్పుడు అసలే వద్దు.

బౌద్ధుల ఇటుకలు, జైనుల గుహలు, రాముడి గుడి... ఒక్క ఊళ్లో, ఒక్క పూటలో. ఇంత దగ్గరగా ఇంత పాతవి ఉండి కూడా రోజంతా కలిపి గురుభక్తులకొండ ఎక్కేవాళ్లు వేళ్లమీద లెక్కపెట్టేంతమందే ఉంటారు. రామనవమికి, శివరాత్రికి మాత్రం రామతీర్థం ఇసకేస్తే రాలదు. అప్పుడు కూడా జనం బోడికొండ దాకే వస్తారు, పక్క కొండ ఒంటరిదే.

ఇంకో రోజు చేతిలో ఉంటే...

పద్మనాభం వెళ్లొచ్చు. ఊరికి సుమారు ఇరవై కిలోమీటర్లు, విశాఖ జిల్లాలోకి వస్తుంది. వెయ్యికి పైగా మెట్లెక్కితే అనంత పద్మనాభస్వామి. కార్తిక అమావాస్యనాడు ఆ మెట్లన్నింటి మీదా దీపాలు పెడతారు. చూసి తీరాల్సిందే. ఈ కొండ పాదాల దగ్గరే 1794 జూలై 10న ఈస్టిండియా కంపెనీ సైన్యంతో జరిగిన యుద్ధంలో చిన విజయరామరాజు నేలకొరిగాడు. పేష్కషు బకాయిల దగ్గర మొదలైన గొడవ అది. పోరు గంటసేపు కూడా సాగలేదు. బొబ్బిలిలో పరాయి ఫిరంగులను తెచ్చుకుని గెలిచిన సంస్థానం, మరో నలభై ఏళ్లయినా తిరక్కుండానే పరాయి ఫిరంగుల ముందే ఓడిపోయింది.

బొబ్బిలి యాభై అయిదు కిలోమీటర్ల పైచిలుకు. యుద్ధ స్మారకం సంగతి సరే, అక్కడికి దగ్గర్లోని గొల్లపల్లిని మాత్రం వదలొద్దు. బొబ్బిలి వీణలు పుట్టేది ఆ పల్లెలోనే. పనస దుంగ ఒక్కదాన్నే తొలిచి కుండ, దండి చేస్తారు. అతుకు లేకపోవడమే దాని నాదానికి బలం. చెక్కే చప్పుడు వింటూ కాసేపు కూర్చోవచ్చు. పెద్ద వీణ కొనలేనివాళ్లకు చేతిలో పట్టే బుల్లి వీణలున్నాయి. విశాఖ దుకాణంలో కొనేకంటే చేసినవాళ్ల దగ్గర కొంటే ఆ డబ్బు వాళ్లకే చేరుతుంది.

శ్రీకాకుళం డెబ్భై కిలోమీటర్లు. అరసవల్లి సూర్యుడు, శ్రీకూర్మం, శాలిహుండం బౌద్ధ స్తూపాలు ఒక రోజు పని. ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు కూడా ఆ పట్టణంలోనే ఉంది. విజయనగరం కథ ఎవరి వెంట మొదలైందో చూడాలనుకునేవాళ్లు అక్కడిదాకా వెళ్లొచ్చు. పిల్లలకు గుళ్లు చూసి విసుగొస్తే విజయనగరం దగ్గరే ధనుస్సు ఆకారంలో కట్టిన రామనారాయణం ఉంది. రామాయణమంతా బొమ్మల్లో కనిపిస్తుంది. సాయంత్రం దీపాల వెలుగులో బాగుంటుంది.

విజయనగరం పెద్ద జంక్షనే. హౌరా, చెన్నై ప్రధాన మార్గంలో నడిచే చాలా రైళ్లు ఆగుతాయి. రాయ్‌పూర్ లైను ఇక్కడే చీలుతుంది. విశాఖ నుంచి రైల్లో అరవై కిలోమీటర్లు, గంటా గంటన్నర ప్రయాణం. విశాఖ ఆర్టీసీ కాంప్లెక్సు నుంచి బస్సులకు కొదవలేదు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా రావడం ఉత్తమం. సిరిమాను చూడాలంటే మాత్రం దసరాకు నెల ముందే గది మాట్లాడుకోవాలి. ఆ వారం విజయనగరంలో గది ఖాళీ ఉండదు. ఏడాదిలో మిగతా రోజుల్లో ఎప్పుడొచ్చినా దొరుకుతుంది.